పన్నెండో పేరు

ఐదేళ్ళుగా ఒక మాట నా మెడమీద కూర్చుని ఉంది. దిగమంటే దిగదు. నలుగురిలో నవ్వుతున్నా దాని బరువు తెలుస్తూనే ఉంటుంది. నువ్వెవరివో నాకు తెలీదు, నేనెవరినో నీకు తెలీదు, అందుకే నీతో చెప్తున్నాను. మధ్యలో నన్ను నేను వెనకేసుకు రాబోతే అక్కడే పట్టుకో. ఆ గుణం నాకు దండిగా ఉంది.

మాది ఒడిశాలో బరంపురం. తాతల నాటినుంచి దుకాణదారులం. అన్నదమ్ముల్లో నేనొక్కణ్ణే తక్కెడ వదిలేసి మిలిటరీకి పోయాను. చివరి పోస్టింగు మా గంజాం జిల్లాలోనే, సముద్రం పక్క క్యాంపులో, స్టోర్సు హవల్దారుగా దొరికింది. తుఫాను తీరం తాకుతుందన్న రోజు పొద్దున్న నాకొక అదనపు డ్యూటీ తగిలించారు. టార్పాలిన్లు, జనరేటర్లు, బియ్యం బస్తాలు లారీలకెక్కించి ఛత్రపురం చేర్చాలి. పన్నెండు మంది వాలంటీర్లను నేను పోగెయ్యాలి. "ఎవర్నీ బలవంతపెట్టకు. ఇష్టపడ్డవాళ్ళ పేర్లే రాయి. తక్కువపడితే నువ్వెళ్ళు" అన్నాడు మా సాహెబు.

తక్కువపడితే నువ్వెళ్ళు. ఈ ముక్క ఇంతవరకు మా ఆవిడకి కూడా చెప్పలేదు.

మాలో పద్ధతేటంటే, అందర్నీ వరసలో నిలబెట్టి, ఇష్టమున్నవాళ్ళు ఒక్కడుగు ముందుకెయ్యండి అంటాం. వేసినవాడు వాలంటీరు. పదకొండు మంది వేశారు. పన్నెండోవాడు లేడు. గాలికి స్టోర్సు కప్పు రేకులు అప్పటికే దడదడలాడుతున్నాయి. వెయ్యనివాళ్ళలో కామేసు ఉన్నాడు. నా కింద స్టోర్సులో పనిచేసే పొడంపేట కుర్రాడు, రుషికుల్య సముద్రంలో కలిసే మొగలో వలలేసుకునే ఇంట్లో పుట్టినవాడు, గాలీ నీళ్ళూ అంటే బెదరడు. వాడెందుకు రాలేదు? వాణ్ణి స్టోర్సు వెనక్కి పిలిచాను.

"ఏట్రా, నీకేటొచ్చింది?"

"నాను రాలేను సాబూ. మా ఇంటిదానికి ఎనిమిదో నెల. ఇల్లు ఇసక దిబ్బమీదే. ఇందాకే ఫోన్ సేసి, నానొచ్చీదాకా కదలొద్దని సెప్పినాను. రెండు గంటలు ఒదిలీండి సాబూ, దాన్ని షెల్టర్లో దించేసి ఒచ్చెత్తాను."

"మళ్ళీ ఫోన్ చేసి కదలమని చెప్పు."

"సిగ్నల్ పోనాది సాబూ. నాను ఎల్లకపోతే అది కదల్దు. మాటంటే మాటే దానికి. నాకోసం ఎదురుసూస్తంటాది."

వాడు నా కాళ్ళు పట్టుకున్నాడు. ఆ క్యాంపులో తెలుగువాళ్ళం మేమిద్దరమే. వాడు తెలుగులో బతిమాలుతుంటే గోడ అవతలనుంచి మిగతావాళ్ళు చెవులొగ్గారని నాకు తెలుసు. వదిలేస్తే ఏమంటారు? తన తెలుగోణ్ణి దాచుకున్నాడంటారు. నాకు పక్షపాతం లేదని చూపించుకోవద్దూ? ఐదేళ్ళూ నాకు నేను చెప్పుకున్న కారణం ఇదే. నిజమా అంటే, సగం. మిగతా సగం ఏటంటే, నాకా గాలంటే ప్రాణభయం. వాడైనా వెళ్ళాలి, నేనైనా వెళ్ళాలి.

చెంప పగలగొట్టాను. పెదవి చిట్లి గెడ్డంమీద రక్తం కారింది. రెండోది కూడా కొట్టాను, మొదటిదానికి వాడు నా కాళ్ళు వదల్లేదని. "నోర్మూసుకుని వరసలో నిలబడు" అన్నాను. నిలబడ్డాడు. అంతలో సాహెబు జీపు వచ్చింది. నేను వరస వెనక నిలబడి "ఇంకొక్క మనిషి, ఒక్కడుగు" అని అరిచాను. ఎవరూ కదల్లేదు. అప్పుడు నా చేతికర్రతో వాడి కుడి మోకాలి వెనక మడతలో నా బలమంతా పెట్టి కొట్టాను. వాడు ముందుకి తూలాడు. అడుగు పడింది. వానలో జీపు దిగుతున్న సాహెబుకి ఆ అడుగొక్కటే కనబడింది. శభాష్ అన్నాడు. నేను పన్నెండో పేరు రాశాను. వాడికి అటూ ఇటూ ఉన్నవాళ్ళిద్దరికీ తెలుసు. నోరు విప్పితే ఆ పేరు తమదవుతుంది కదా, తేలు కుట్టిన దొంగల్లాగ ఊరుకున్నారు.

అరగంట కాలేదు. మొదటి లారీకి సామానెక్కిస్తుంటే స్టోర్సు కప్పు రేకొకటి ఊడింది. గిర్రున తిరుగుతూ వచ్చి కామేసు తలని పక్కనుంచి నరికింది. వాడు మోస్తున్న బియ్యం బస్తా కూడా చిరిగిపోయింది. నేను గుమ్మంలో నీడపట్టున కాయితం పట్టుకుని నిలబడి ఉన్నాను. తల చీలి ఎముక తెల్లగా కనబడింది. రక్తం, బియ్యం, వాననీళ్ళు కలిసి నా బూట్లదాకా వచ్చాయి. వాడి నోరు పోలమ్మ, పోలమ్మ అంటూనే ఉంది. వాడి ఇంటిదాని పేరు అది.

ఆ పోలమ్మ ఏమైందో తర్వాత తెలిసింది. ఊరు ఖాళీ చేయించడానికి బస్సొస్తే ఎక్కలేదట. మా ఆయనొస్తానన్నాడు, కదలొద్దన్నాడు అందట. సముద్రం వీధిలోకొచ్చాక ఇరుగుపొరుగు రెక్కపట్టి లాగుతుంటే గోడ కూలి నడుంమీద పడింది. ఆమె బతికింది. కడుపులో బిడ్డ బతకలేదు.

కామేసు చాన్నాళ్ళకి కళ్ళు తెరిచాడు. ఎడం చెయ్యి పట్టు పోయింది. ఫోన్ చేసి కదలొద్దని చెప్పింది గుర్తుంది, ఆపైన ఏమీ లేదు. ఇక గుర్తురాదని డాక్టరు చెప్పాడు. నీ దగ్గర దాపరికమేటి, ఆ మాట వినగానే నాకు పట్టరాని సంతోషం వేసింది! ఛీ, నేనొక మనిషినా? విచారణలో అడిగితే, తనంతట తానే ముందుకొచ్చాడని రాసి సంతకం పెట్టాను. ఆ మాటే మెచ్చుకోలై ఊరంతా పాకింది. పోలమ్మ చెవినీ పడింది. కడుపుతో ఉన్నదాన్ని కదలొద్దని కూర్చోబెట్టి, తను మాత్రం పేరుకోసం ముందుకడుగేశాడని ఆమె నమ్మింది. నమ్మక ఏంచేస్తుంది? ఆర్యపల్లిలో అన్నల ఇంటికి వెళ్ళిపోయింది.

నేను రిటైరై మా అన్న దుకాణంలో కూర్చుంటున్నాను. కామేసు మందులకోసం నెలకోసారి బరంపురం వచ్చి నా ఎదురుగా కూర్చుంటాడు. ఎప్పుడూ ఒకటే అడుగుతాడు. "నిజంగా నానే ముందుకొచ్చినానా సాబూ? దాన్ని కదలొద్దని సెప్పి నాను ఎలగ ఎల్లిపోనాను? అంత పాపిస్టోణ్ణా నాను?" నేను టీ తెప్పించి, నువ్వేరా, నీ గుండె అలాంటిది, అనేవాణ్ణి. మెచ్చుకున్నట్టే ఉంటుంది కదూ. ప్రతి నెలా వాణ్ణి ఇంకోసారి కొట్టేవాణ్ణి, అంతే.

మొన్న కొత్త మాట అడిగాడు. "మీరు పెద్దమనిషిగా రండి సాబూ. దాన్ని తెచ్చుకుంటాను." భార్యని పిలుచుకు రావడానికి తోడుగా ఒక పెద్దమనిషి వెళ్ళడం మామూలే. ఆ పెద్దమనిషి నేను! వెళ్ళాను.

ఆర్యపల్లి ఒడ్డున పోలమ్మ ఇసకమీద చేపలు ఎండేస్తోంది. మొగుణ్ణి చూడలేదు. నన్ను చూసి ఒకటే అడిగింది. "బావూ, మీరా రోజు అక్కడే ఉన్నారు కదా. ఆయనంతట ఆయనే ఎల్లాడేటి?" ఆమె అన్నలిద్దరూ పడవ దగ్గర ఉన్నారు. ఒకడి చేతిలో తెడ్డు ఉంది. నేను తెడ్డుకేసి చూశాను.

"అవునమ్మా" అన్నాను.

వాళ్ళు కామేసు మీద పడ్డారు. మొదటి దెబ్బ భుజంమీద, రెండోది నోటిమీద. పళ్ళు ఊడి ఇసకలో పడ్డాయి. కింద పడేసి డొక్కలో, కుడికాలిమీద తన్నారు. తలమీది పాత గాయం మచ్చ చిట్లి మొహమంతా రక్తమైంది. మంచి చెయ్యి ఒకటుందిగా, అదైనా అడ్డం పెట్టలేదు వాడు. "కొట్టండి, నానే కదా ఎల్లిపోనాను" అంటున్నాడు. ప్రతి దెబ్బకీ అదే మాట. పోలమ్మ చెవులు మూసుకుంది. నేను చూస్తూ నిలబడ్డాను.

కుట్లు వేయించడానికి ఆటోలో ఛత్రపురం బయల్దేరాం. వాడు తువ్వాలు నోటికి నొక్కుకుని, ఊడిన పళ్ళ సందులోంచి మళ్ళీ అడిగాడు. "నిజంగా నానేనా సాబూ?"

"కాదురా" అన్నాను.

ఎలా వచ్చిందో ఆ మాట నాకు తెలీదు. వచ్చాక ఆగలేదు. చెంపదెబ్బలు, కర్ర, మోకాలు, తక్కువపడితే నేనే వెళ్ళాలన్న మాట, అన్నీ చెప్పేశాను. వాడు వంగి కుడి మోకాలి వెనక తడుముకున్నాడు.

"నానేటన్నాను ఆ రోజు?"

"నీకోసం ఎదురుచూస్తుంటుందన్నావు. రెండు గంటలు వదలమన్నావు."

"కాళ్ళు పట్టుకున్నానా?"

"పట్టుకున్నావు."

ఆటో ఆపమన్నాడు. దిగాడు. నన్ను కొడతాడనుకున్నాను, మొహం కూడా ముందుకి పెట్టాను. వాడు చెయ్యెత్తలేదు. తిట్టలేదు. ఆర్యపల్లివైపు తిరిగాడు. వాళ్ళు చంపేస్తార్రా, నేనూ వస్తాను, నేనే చెప్తాను, అన్నాను.

"మీరు రాకండి. ఈసారి నా అంతట నానే ఎల్తాను."

కుడికాలు ఈడ్చుకుంటూ నడిచి వెళ్ళాడు. అక్కడేమైందో నాకింకా తెలీదు. క్షమించమని నేను అడగలేదు, అడిగే మొహం లేదు. పన్నెండో పేరు నాది. ఐదేళ్ళకి, ఇదిగో, రాశాను.