కులం లేని చిరునామా

కడపలో ఒక పెళ్లిసంబంధాల వెబ్‌సైటు ఉంది. దాని మరమ్మతులు కర్నూలు నుంచి నేను చూస్తాను. ఆదివారాలు కులం పోవాలని సభల్లో మాట్లాడతాను. మిగతా రోజుల్లో ఈ పని. ఒక సోమవారం పొద్దున సైటు యజమాని ఫోన్ చేశాడు.

"ఏమప్పా, అమ్మాయిల పేజీ మొత్తం పోయిండాది. నొక్కితే ఎర్రర్ అంటాండాది."

కారణం మా అక్క కూతురు. నందికొట్కూరులో టీచరు. ముందురోజు సైటులో తన వివరాలు నింపి, కులం గడి ఖాళీగా వదిలింది.

నాకంటే ముందు ఆ సైటు రాసినవాళ్లు ప్రతి మనిషి పేజీకీ ఒకే పద్ధతిలో చిరునామా పెట్టారు: ముందు కులం, తర్వాత నంబరు. లింకుల్లో చిరునామాను నేరుగా రాయరు. ఆ పద్ధతికి ఒక పేరుంటుంది. ఆ పేరు చెప్పి, మనిషి వివరాలు అందిస్తే, సైటుకు పునాదిగా ఉండే ఫ్రేమ్‌వర్కే చిరునామా తయారుచేసి ఇస్తుంది. కులం ఖాళీగా ఉంటే తయారుచేయనంటుంది. ఒక్క లింకు కుదరకపోయినా, ఆ లింకు ఉన్న పేజీనంతా ఆపేస్తుంది. అమ్మాయిల పేజీలో అందరి లింకులూ ఉంటాయి. అలా ఒక అమ్మాయికి కులం లేనందుకు అన్ని కులాల అమ్మాయిలూ మాయమయ్యారు. సభల్లో నేను ఇంత ఫలితం ఎప్పుడూ చూడలేదు.

"ఇతరులు అని రాసెయ్యప్పా. లేదంటే ఆ పాపను తీసెయ్. సాయంత్రానికి పేజీ రావల్ల," అన్నాడు యజమాని.

అక్క కూతురికి ఫోన్ చేసి ఆ మాట చెప్పాను.

"నేను ఇతరులెట్లయితాను మామా? తీసేస్తే తీసెయ్యమను. నువ్వు మాత్రం ఏమీ రాయొద్దు. ఆదివారం మైకు ముందర అంతసేపు అరిచేది దేనికి?"

చిరునామా పద్ధతిలోంచి కులం ముక్క తీసేశాను. ఆ పేరుతో చిరునామా అడిగే చోటా తీసేశాను. రెండు వరుసల పని. సైటులోని లింకులన్నీ పేరుతోనే అడుగుతాయి కాబట్టి అన్నీ కొత్త చిరునామాలు తెచ్చుకున్నాయి. జనం వాట్సాప్‌లో చుట్టాలకు పంపుకున్న పాత చిరునామాలు చెడిపోకుండా, వాటితో వచ్చేవాళ్లను కొత్తవాటికి మళ్లించాను.

యజమాని తన కూతురి పాత లింకు నొక్కి చూసి మళ్లీ ఫోన్ చేశాడు.

"మా కులం యాడ పోయిందప్పా?"

"పేజీలో ఉండాదన్నా. చిరునామాకు దాంతో పనిలేదు."

"పేజీలన్నీ వస్తాండాయా?"

"వస్తాండాయి."

"సరే, అట్లే కానీ."

అక్క కూతురి పేజీ కూడా వచ్చింది. అందులో 'కులం' అనే మాట, దాని పక్కన ఖాళీ. చూడ్డానికి బాగాలేదు, ఆ వరుస తీసేస్తానన్నాను.

"ఉండనీ మామా," అంది. "ఖాళీ అని చూసేవాళ్లకు తెలియల్ల."