ముందు అడ్రసు

మా వదిన పుస్తకాల్ని కత్తెరతో చదువుతుంది. ఒట్టు! పొట్ట చేతపట్టుకుని ఈ ఊరొచ్చినవాళ్లకి సాయంత్రాలు ఇక్కడి భాష నేర్పుతుంది. క్లాసులు నడిపే సెంటర్‌వాళ్లిచ్చిన పుస్తకంలో పాఠాలన్నీ హోటల్లో గదులు తీసుకునేవాళ్లవి. ఆమె క్లాసుకొచ్చేది ఆ గదులు ఊడ్చేవాళ్లు. అందుకని పాఠాలన్నీ కత్తిరించి, మందు డబ్బాలూ బస్సు టికెట్లూ అతికించి తిరగరాస్తుంది. ఆ ముక్కలన్నీ ఎత్తలేక నా నడుం పడిపోయేది. "వదినా, ఇది ఇల్లా, చెత్తకుండీనా?" అంటే నవ్వి ఇంకో పేజీ కత్తిరించేది.

ఒకరోజు లాండ్రీలో పనిచేసే ఆవిడ క్లాసులో వెక్కివెక్కి ఏడ్చింది. ముందురోజు కూతురికి ఆయాసమొచ్చి ఊపిరాడలేదట. అంబులెన్సుకి ఫోన్ చేసి, పుస్తకంలో ఉన్న ఫోన్ పాఠం పొల్లుపోకుండా అప్పజెప్పింది: "నమస్కారమండీ. మీరు బాగున్నారా? నేను బాగున్నాను. ఈరోజు ఎండ బాగుంది." ఎవరో ఆకతాయి అనుకుని అవతల ఫోన్ పెట్టేశారు. పక్కింటాయన కారు తీయబట్టి పిల్ల దక్కింది.

"మళ్లీ రావచ్చన్నారు డాక్టరు. అప్పుడు పక్కింటాయన లేకపోతే నా పిల్ల ఏమైపోతుంది టీచరమ్మా?"

వదినకి ఆ పూట ముద్ద దిగలేదు. మర్నాడు అంబులెన్సు ఆఫీసుకెళ్లి, ముందు ఏం అడుగుతారో కనుక్కునొచ్చింది. ముందు అడ్రసు చెప్పాలి, అప్పుడు లైను తెగినా బండి బయల్దేరుతుంది. కొత్త పాఠం తయారైంది. క్లాసులో కుర్చీలు వీపుకి వీపు వేయించింది, ఫోన్లో మొహమూ చేతులూ కనపడవు కదా. గోలలో కూడా మాట తడబడకూడదని పక్కన పళ్లెం వాయించే ఉద్యోగం నాకిచ్చింది. లాండ్రీ ఆవిడ మాత్రం ప్రతిసారీ "నమస్కారమండీ" అని మొదలెట్టి నాలుక కరుచుకునేది. మర్యాద ఒంట్లో ఇంకిపోయిన మనిషి మరి!

క్లాసు జరుగుతుండగానే ఒకనాడు తల్లితో వచ్చి వెనక కూర్చున్న లాండ్రీ ఆవిడ కూతురికి ఆయాసం ముంచుకొచ్చింది. పెదాలు నీలంగా మారాయి. నేను ఫోన్ వెతుక్కుంటున్నాను. ఆవిడ అప్పటికే కుర్చీ గోడవైపు తిప్పుకుని, ఫోన్ చెవిన పెట్టుకుని, మాకు వీపు పెట్టి కూర్చుంది. అయిపోయింది, ఇప్పుడు నమస్కారం పెడుతుంది అనుకున్నాను.

"అడ్రసు రాసుకోండి. మార్కెట్ వెనక వీధి, లైబ్రరీ మేడమీద. ఆరేళ్ల పిల్ల. ఊపిరాడట్లేదు."

గొంతు వణకలేదు. వదిన పెదాలు ఆమెతోపాటు కదులుతున్నాయి, కళ్లు ధారగా కారుతున్నాయి. నేను ఇన్నాళ్లూ తిట్టుకుంటూ ఊడ్చిన కాగితాలు ఇంత పని చేస్తాయా దేవుడా!

బండి వచ్చింది. ఆక్సిజన్ మాస్కు పెట్టాక పిల్ల మొహంలోకి మెల్లగా కళ తిరిగొచ్చింది, అమ్మా అని పిలిచింది. ఆవిడ లేచి వెళ్లి అంబులెన్సు అతని రెండు చేతులూ పట్టుకుంది.

"నమస్కారమండీ. మీరు బాగున్నారా?"

అతను తెల్లబోయాడు. "బాగున్నానమ్మా."

"నేను కూడా బాగున్నాను," అని భోరున ఏడ్చేసింది.