గంట మోగితే లేచే మనిషి

మా ఎదురింటి ఆపరేటర్ గారు పోయిన గురువారం తెల్లారేసరికి నిద్రలోనే కాలం చేశారు. ఆ సంగతి తెలియక నేను మైసూర్‌పాక్ పొట్లం పట్టుకుని వాళ్ళ గేటు తీశాను. మా అమ్మాయి రాసినదాన్ని కంపెనీవాళ్ళు ఒప్పుకున్నారనీ, ఉద్యోగం పర్మనెంట్ చేశారనీ ముందు రోజు సాయంత్రం కబురొచ్చింది. మొదటి ముక్క ఆయన నోట్లో పెట్టాలని నా ఆరాటం. వదినగారు పొట్లం వంక చూసి, "ఆయన లేరు అన్నయ్యగారూ" అన్నారు.

నేను కొండపల్లిలో బొమ్మలు చెక్కుకునేవాణ్ణి. చదువు ఏడో తరగతితో సరి. ఆయన థర్మల్ స్టేషన్ కంట్రోల్ రూములో మీటర్లు చూసి గంటగంటకీ లాగ్‌బుక్కులో రాసిన మనిషి. రిటైరైనా ఆ అలవాటు పోలేదు. ఇంటి మీద నీళ్ళ ట్యాంకుకీ ఒక లాగ్‌బుక్కు. మోటారు ఎప్పుడు వేసింది, ఎప్పుడు కట్టేసింది, ఎవరు కట్టేసింది, చివర సంతకం. ట్యాంకు నిండితే మోగేలా గంట కూడా బిగించారు. దానంతటదే ఆగే సామాను దొరుకుతుంది కదండీ అంటే, "దొరుకుతుంది. అదుందని మనం పడుకుంటాం. ఒకరోజు అది ఆగదు" అనేవారు. గంట మోగిందంటే కాఫీ గ్లాసు అరుగు మీద పెట్టేసి లేచేవారు.

మా అమ్మాయి ఉద్యోగం గురించి చెప్పాలి. ఇప్పుడు ఏఐ ఏజెంట్లని వచ్చాయి కదండీ. టికెట్ బుక్ చెయ్యమంటే అదే బ్రౌజర్ తెరిచి, సైట్లన్నీ తిరిగి, నొక్కాల్సినవి నొక్కి పని చేసుకొస్తుంది. తిరుగుతూ తిరుగుతూ మోసపు సైట్లోకి పోయిందా, పాస్‌వర్డ్ ఎక్కడైనా ఇచ్చేసిందా అని కనిపెట్టి చూసే సాధనం ఒకటి వీళ్ళ కంపెనీ చేసింది. దాన్ని ఎలా వాడాలో రాయడం మా పిల్ల పని.

ఇంగ్లీషులో రాసిన ప్రతి పేజీ అమ్మాయి వాళ్ళ అరుగు మీద కూర్చుని నాకు తెలుగులో చెప్పాలని ఆపరేటర్ గారు రూలు పెట్టారు.

"అంటే నేనంత తెలివితక్కువ వాణ్ణా?" అన్నాను.

"కాదయ్యా. అర్థం కాకుండా తలూపే రకం కాదు నువ్వు. మా ఇంజనీర్లందరూ తలూపేవాళ్ళే."

ఒకరోజు మొదటి పేజీ విని తెగ మురిసిపోయాను. "ఇంకేం! ఏజెంటు తప్పు చేస్తే ఇది పట్టుకుని ఆపేస్తుంది" అన్నాను. అమ్మాయి ముఖం వాడిపోయింది. "ఆపదు నాన్నా. చూసి చెబుతుంది, అంతే."

"మరి ఆపుతుందని మీ నాన్నకెందుకు అనిపించింది?" అన్నారాయన.

"మా మేనేజర్ అలా వినిపించేలా రాయమన్నారు పెదనాన్నగారూ. ఆపదని మొదటి పేజీలోనే రాస్తే ఎవరు కొంటారంటారు. నన్నింకా పర్మనెంట్ కూడా చెయ్యలేదు."

ఆయన కేకలెయ్యలేదు. "గంట మోగుతుంది. వాల్వు కట్టెయ్యాల్సింది మనిషే. ఆ ముక్క రాయకపోతే గంట దగ్గర మనిషిని కూర్చోబెట్టరు తల్లీ" అన్నారు.

అమ్మాయి మర్నాడే రాసి కంపెనీకి పంపేసింది. ఇది చూస్తుంది, చెబుతుంది, ఆపదు. ఆపాల్సిన మనిషి పేరు ఇక్కడ రాయండి, అని ఒక ఖాళీ గీత వదిలింది.

రెండు వారాలు కంపెనీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. నిజం చెబుతున్నాను, నాకు ఆయన మీద కోపమొచ్చింది. ఈయన మాట విని పిల్ల ఉద్యోగం పోగొట్టుకుంటోందని నాలుగు రోజులు ఆ అరుగెక్కలేదు. ఐదో రోజు ఆయనే మా వాకిట్లోకొచ్చారు. "ఏమయ్యా, నాలుగు రోజులుగా ఎదురింటి నుంచి రీడింగ్ రావడం లేదు. మీటరు చెడిందా?" అన్నారు. నవ్వకుండా ఉండగలనా?

చివరికి కంపెనీవాళ్ళు ఆ పేజీ అలాగే ఉంచమన్నారు. ఖాళీ గీత కూడా ఉంచమన్నారు. నా కూతురు రాసిన మాట చదివి ఎక్కడెక్కడి వాళ్ళో అక్కడ ఒక మనిషి పేరు రాస్తారు! ఈ సంతోషం పట్టలేకపోతున్నాను. సగం ఆయనకివ్వాల్సింది, మొత్తం నా దగ్గరే ఉండిపోయింది.

ఆయన పోయిన మూడో రోజు వాళ్ళ హాల్లో అందరం కూర్చున్నాం. మోటారు ఎవరు వేశారో, గంట మోగింది. అందరం ఆయన కుర్చీ వంకే చూశాం. పైనుంచి నీళ్ళు కారడం మొదలైంది. మా అమ్మాయి లేచి వెళ్ళి మోటారు కట్టేసింది. మేకుకి వేలాడుతున్న లాగ్‌బుక్కు తీసి, టైము చూసి, నిలబడే రాసింది.

నేను వెళ్ళి చూశాను. పేజీ పొడుగునా ఆయన సంతకాలే. వాటి కింద, సిరా ఇంకా ఆరకుండా, మా అమ్మాయి పేరు.