ఒకే గిన్నెలో బేరిపండ్లు

“వద్దమ్మాయ్, ఆ తలుపు జోలికి పోకు! మూత తీశావంటే నీ కత్తెర లాక్కుని నీ జుట్టే కత్తిరిస్తాను, ముందే చెప్తున్నా.”

“నేను దువ్వెన కోసం కదిలాను పిన్నీ. మీ గిన్నె ఎవరిక్కావాలి?”

“అందరూ అలాగే అంటారు. దువ్వెన కోసమని కదుల్తారు, వాసన పట్టుకుని పోయి మూత ఎత్తుతారు. ఒక్కసారి ఆవిరి పోయిందంటే ఆ చిన్న మంట మీద అది మళ్లీ ఊపందుకునేసరికి పొద్దుగుంకుతుంది. రా, వచ్చి నా వెనకాల నిలబడు.”

యొరీన్ నవ్వుకుంటూ వెనక్కి వచ్చింది. ఇంటింటికీ వెళ్లి జుట్టు కత్తిరించడం ఆమె పని. లింగె నది కట్ట పొడవునా ఆమె సైకిల్ ఆగని ఇల్లు లేదు. అద్దం ముందు కూర్చున్న మనిషి తన మొహం చూసుకుంటూ మాట్లాడతాడు, సొంత వంటింట్లో మెడకి తువ్వాలు చుట్టుకుని కూర్చున్న మనిషి మాత్రం ఎటో చూస్తూ మాట్లాడతాడు, అసలు మాటలు అప్పుడే వస్తాయి అని ఆమె నమ్మకం. అందుకే అలైదా ఇంటికి వచ్చే రోజున ఆ తర్వాత ఇంకెవరికీ మాట ఇవ్వదు.

ఆ రోజు అలైదా పెరటి కొట్టంలోకి పోయే తలుపు వైపే చూస్తోంది. తలుపు కింది సందులోంచి దాల్చినచెక్క వాసన, దాని వెనకే కిరసనాయిలు వాసన వస్తున్నాయి.

“సాయంత్రం విందుకేనా?” అడిగింది యొరీన్.

“మరి దేనికి?”

తోటల్లో కోతలు అయిపోయాక, ఏటా ఒక సాయంత్రం ఆ వీధివాళ్లంతా ఇంటికో వంటకం పట్టుకుని పాత బడి భవనంలో చేరి కలిసి తింటారు. అలైదా వంతు ఎప్పుడూ ఉడికించిన బేరిపండ్లే. ఇవి కొరుక్కు తినే రకం కాదు. పచ్చిగా కొరికితే పన్ను కదులుతుంది, నాలుక వగరుతో ముడుచుకుపోతుంది. తొక్క తీసి, తొడిమ ఉంచి, సన్నటి సెగ మీద పొద్దుటినుంచి మగ్గబెడితే ఆ తెల్లటి కండ మెల్లగా గులాబీ రంగుకి తిరిగి, చివరికి కెంపులా ఎర్రబడుతుంది. అందులో ఏ రంగూ కలపరు. అక్కడ పుట్టి పెరిగినవాళ్లకి ఇది వింత కాదు. అయినా మూత తీసేటప్పుడు ప్రతిసారీ అందరూ మెడలు చాచి చూస్తారు.

“ఈసారి చక్కెర వెయ్యలేదు,” అంది అలైదా గొంతు తగ్గించి. “ఒక్క పలుకు కూడా. ఎవ్వరికీ చెప్పలేదు. నువ్వు కూడా నోరు కుట్టేసుకో.”

“ఏవర్ట్ బాబాయ్ కోసమా?”

“అదే వచ్చిన తంటా! ఆయన కోసం అంటే ఆయన ముట్టడు. అందరి కోసం చేశాను, అందులో ఆయనా ఉండాలని.”

యొరీన్ కత్తెర నెమ్మదించింది. సంగతి కొంత ఆమెకి తెలుసు. కాఫీలో చక్కెర వేస్తే చెంచా నిలబడాలి అనే మనిషికి చలికాలం చివర డాక్టరు చక్కెర జబ్బు అని చెప్పాడు. అలైదా మొగుడు ఏవర్ట్ ఇంటికి వచ్చి, ఆ రోజు నుంచి నల్లటి కాఫీ చేదుగానే తాగాడు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత బడి భవనంలో వీధివాళ్ల ఈస్టర్ భోజనం వచ్చింది.

“హెర్మీన్ వదిన సంగతి నీకు తెలుసుగా,” అంది అలైదా. హెర్మీన్ ఏవర్ట్‌కి అక్క, ఆ బడి భవనంలో బల్లలు సర్దేది ఎప్పుడూ ఆవిడే. “మంచి మనసే, కాదనను. తమ్ముడి కంచం పక్కన ఇంత చిన్న గిన్నె పెట్టింది. దాని మీద పుల్లకి కాయితం జెండా. ‘ఏవర్ట్, చక్కెర లేనిది’ అని రాసి! వీధి వీధంతా చదివింది. ఈయన లేచి, టోపీ తీసుకుని, ఇంటికొచ్చేశాడు.”

“అయ్యో!”

“అప్పట్నుంచి ఎవరి బల్ల దగ్గరా కూర్చోడు. పుట్టినరోజులకి రాడు. పేకాట కూడా మానేశాడు, పేకాటమ్మా! అడిగితే, ‘మా అక్క పేరు రాసి పెట్టింది, ఇంక సమాధి రాయి మీద చెక్కించడమే తరువాయి’ అంటాడు.”

“ఈ సాయంత్రం?”

“రాడట. ‘నువ్వెళ్లు, నేను పిల్లితో తింటాను’ అన్నాడు. ‘పిల్లిది కూడా వేరే గిన్నేగా’ అన్నాను. నవ్వలేదు.”

యొరీన్ నవ్వింది. అలైదా కూడా నవ్వబోయి తలుపు వైపు చూసి ఆగిపోయింది. లోపల గిన్నె సన్నగా గుర్రు పెడుతోంది.

ఆ గిన్నె కింద మండుతున్నది వత్తుల స్టవ్, అలైదా వాళ్ల అమ్మది. ఈ స్టవ్‌కి కూడా ఒక కథ ఉంది. రాజుగారి పుట్టినరోజున ఊరంతా ఇంట్లో పాత సామానంతా వీధిలో దుప్పటి పరిచి అమ్ముకుంటుంది. ఈస్టర్ గొడవ గుండెల్లో రగులుతున్న రోజులవి. ఇంక ఈ ఇంట్లో ఆ పండ్లు వండేదెవరు, తినేదెవరు అనుకుని, కోపం కొద్దీ అలైదా స్టవ్‌ని తీసుకెళ్లి దుప్పటి మీద పెట్టేసింది. అది హెర్మీనే కొనుక్కుంది.

“కోతల రోజులొచ్చేసరికి ఉండబట్టలేదు,” అంది అలైదా. “కొత్త గాజుపలక కరెంటు పొయ్యి మీద పెట్టాను. దానికి నాకంటే తెలివెక్కువ. నేను చచ్చిపోయాననుకుంటుందో ఏమో, కాసేపయ్యాక దానంతటదే ఆరిపోతుంది! పండ్లు బూడిద రంగులో తేలాయి. ఈయన రుచి చూసి, ‘ముల్లంగి ఎప్పుడు కొన్నావు?’ అన్నాడు.”

“మళ్లీ చేశారా?”

“చెయ్యకుండా ఉంటానా? టర్కీ వాళ్ల కొట్లో ఖర్జూరాలు తెచ్చి వేశాను. తియ్యగా వచ్చింది, కాదనను. కానీ బేరిపండు ఎక్కడుందో దీపం పెట్టి వెతుక్కోవాలి. పైగా ఈయన చక్కెర చూడ్డానికొచ్చే నర్సమ్మ పడీ పడీ నవ్వింది. ‘ఖర్జూరమూ చక్కెరేనమ్మా, కోటు వేసుకుంది అంతే’ అంది. అప్పుడు గుర్తొచ్చింది మా అమ్మ.”

“ఆవిడ చక్కెర వేసేది కాదా?”

“మహా పిసినారి! చక్కెర డబ్బాకి తాళం వేసేది. కోసిన పండ్లని కొట్టంలో పాత పేపర్ల మీద పరిచి, వగరు విరిగేదాకా ముట్టనిచ్చేది కాదు. తర్వాత ఇదే స్టవ్ మీద, వత్తి ఇంకా కిందికి దించితే ఆరిపోతుందేమో అన్నంత సన్నటి మంట మీద, పొద్దుట పెట్టి పాలు పితికే వేళకి దించేది. చిక్కదనానికి బాగా మాగిన తియ్యటి రకం పండ్లు రెండు తరిగి వేసేది, అవి కరిగి పులుసైపోయేవి. అంతే. సరే, పరిగెత్తాను హెర్మీన్ ఇంటికి. వరండాలో స్టవ్, దాని మీద జెరేనియం పూలకుండీ!”

“కుండీనా!”

“‘వదినా, స్టవ్ ఒకసారి ఇస్తావా’ అన్నాను. ‘ఏ స్టవ్? అది నా కుండీ పీట’ అంది. ‘పీటకి వత్తులుంటాయా?’ అన్నాను. ‘పాత ఇనుము అని నువ్వే కదే అమ్మావు మరదలా’ అంది. ‘ఇంతకీ ఏం వండుతావ్?’ అంది. చెప్పనన్నాను. ‘అయితే ఇవ్వను’ అంది. కట్ట మీద పోయేవాళ్లు సైకిళ్లు దిగి మరీ విన్నారు. చివరికి, ‘తీసుకుపో, రేపు పొద్దున్నకల్లా నా పీట నా వరండాలో ఉండాలి’ అని కుండీ దించింది.”

చెప్తూ చెప్తూ అలైదా తువ్వాలు మీద చేతులు ముడుచుకుంది. పెద్ద అరచేతులు. పెళ్లికి ముందూ తర్వాతా ఆ చేతులు పండ్ల గోదాములో బల్ల ముందు బేరిపండ్లు ఏరాయి. ఒక్కో పండునీ ఇలా తిప్పి, అలా తిప్పి, దెబ్బ తగిలినదాన్ని పక్కకి తోసేవి. తోటలోంచి పెట్టెలు మోసుకొచ్చే ఏవర్ట్ అప్పట్లో రోజూ ఒక కొరికిన పండు ఆమె బల్ల అంచున పెట్టి పోయేవాడు. “ఎంగిలి పండు నాకెందుకు?” అని ఆమె అరిస్తే, “కొరక్కపోతే తియ్యనిదో కాదో ఎలా తెలుస్తుంది? తియ్యనిదే నీకు పెడుతున్నా” అనేవాడట. ఈ మాట యొరీన్ చాలాసార్లు వింది. మళ్లీ చెప్పించుకోడానికి ఈసారీ మొదటిసారి వింటున్నట్టే మొహం పెట్టింది.

అప్పుడు పెరట్లో సైకిల్ గోడకి ఆనిన చప్పుడైంది. ఆ ఊళ్లో వీధి గుమ్మంలోంచి వచ్చేది పాస్టరు ఒక్కడే, మిగతా లోకమంతా పెరటి దారినే వస్తుంది. ఏవర్ట్ కొట్టంలోకి అడుగుపెట్టాడు. బూట్లు విప్పిన చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు.

తర్వాత, సన్నగా, మూత చప్పుడు.

“తీశాడు!” అలైదా కుర్చీలోంచి లేవబోయింది.

“కూర్చోండి పిన్నీ, ఒక పక్కే అయింది. ఇలా లేస్తే సగం కోసిన తోటలా ఉంటారు.”

“చెంచా! విను, చెంచా చప్పుడు!”

చెంచా ఒకసారి మోగింది. కాసేపాగి ఇంకోసారి. తలుపు తెరుచుకుంది. ఏవర్ట్ గుమ్మంలో నిలబడ్డాడు. తెల్లటి గడ్డం మీద ఎర్రటి చుక్క ఒకటి జారుతోంది. కానీ మొహంలో సంతోషం లేదు.

“చక్కెర వేశావు,” అన్నాడు.

“వెయ్యలేదు.”

“ఈ నాలుక నాది, అలైదా. నీ వంట ఎన్నేళ్లుగా తింటున్నాను? చక్కెర వేసి, వెయ్యలేదని చెప్పి, నన్ను చంటిపిల్లాణ్ణి చేసి తినిపిద్దామనుకున్నావు. కాయితం జెండా పెట్టినా మా అక్కే నయం, అబద్ధం చెప్పలేదు.”

ఆ మాటకి అలైదా మొహం మాడిపోయింది. యొరీన్‌కి కత్తెర ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

“డబ్బాయే చెప్తుంది,” అంటూ ఏవర్ట్ గబగబా అలమర దగ్గరికి నడిచాడు. పై అరలో నీలం రంగు రేకు డబ్బా. డాక్టరు చెప్పిన నాటినుంచి అతను దాన్ని ముట్టలేదు, అటు వైపు చూడటమే మానేశాడు. దించి, బల్ల మీద పెట్టి, మూత లాగాడు.

లోపల బట్టలారేసే క్లిప్పులున్నాయి. నిండా.

ఏవర్ట్ ఒక క్లిప్పు తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇదేంటి?”

“క్లిప్పు.”

“చక్కెరేదీ?”

“డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన రోజునే హెర్మీన్‌కి ఇచ్చేశాను.”

“మరి నీ కాఫీ?”

“చేదే. ఘోరంగా ఉంటుంది.”

“నాకు చెప్పలేదేం?”

“నువ్వు చూళ్లేదేం?”

ఏవర్ట్ డబ్బా వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు, మళ్లీ డబ్బా వైపు చూశాడు. “అంటే... వేసవంతా నేను దీని పక్కనుంచి మొహం తిప్పుకుని నడిచాను. పొద్దున్న లేస్తే దీంతోనే యుద్ధం. ఒక్క చెంచా, ఒక్కటే అని ఇది పిలుస్తుంటే పళ్లు బిగపట్టుకున్నాను. క్లిప్పులా? నన్ను పిలిచింది క్లిప్పులా?”

ముందు నవ్వింది యొరీన్. ఆపుకోవాలని చూసింది గానీ ముక్కులోంచి వచ్చేసింది. తర్వాత అలైదా. ఏవర్ట్ కాసేపు గంభీరంగా నిలబడటానికి ప్రయత్నించి, చేతిలో క్లిప్పుని తన గడ్డానికే తగిలించుకుని కుర్చీలో కూలబడ్డాడు. ముగ్గురికీ కళ్లనీళ్లు వచ్చాయి.

“ఎర్రబడ్డాయా?” అడిగింది అలైదా, తువ్వాలు కొసతో కళ్లు తుడుచుకుంటూ.

“రంగు చూసేంత ఓపికెక్కడిది? తిన్నాను.”

ఆమె ఇక ఆగలేదు. ఒక పక్క పొట్టిగా, ఒక పక్క పొడుగ్గా ఉన్న జుట్టుతోనే కొట్టంలోకి నడిచి మూత పూర్తిగా తీసింది. ఆవిరి తేరుకున్నాక లోపల పండ్లు ఒకదాన్నొకటి ఆనుకుని, తొడిమలు పైకి పెట్టుకుని, లోపలినుంచి దీపం వెలిగించినట్టు ఎర్రగా కూర్చున్నాయి. చుట్టూ రసం పాకంలా చిక్కబడింది. ఒక పండు సాసర్లో పెట్టి యొరీన్‌కి ఇచ్చింది. ముందు చిన్న పులుపు తగిలింది, దాల్చినచెక్క తగిలింది. తీపి వెంటనే రాలేదు. మింగబోయే ముందు, తాపీగా, ఇప్పుడే గుర్తొచ్చినట్టు వచ్చింది. యొరీన్ తొడిమ దాకా తినేసింది.

“నర్సు రెండు ముక్కలు తినొచ్చంది,” అంది అలైదా మొగుడితో. “నువ్వు ఇప్పటికే ఒకటి మింగావు.”

“ఒకటిన్నర.”

“అయితే సాయంత్రం సగమే.”

ఏవర్ట్ గడ్డానికున్న క్లిప్పు తీసి డబ్బాలో వేశాడు. “సాయంత్రం ఇది ఎవరి గిన్నె?”

“వీధిది. ఒకటే గిన్నె. అందరూ ఇందులోంచే. చక్కెర సంగతి ఎవరికీ తెలీదు. నువ్వు చెప్తే తప్ప.”

అతను కుర్చీని బరబరా ఈడ్చుకొచ్చి యొరీన్ ముందు వేసుకుని కూర్చున్నాడు.

“మెడ వెనకాల శుభ్రంగా తియ్యమ్మాయ్. బల్ల దగ్గర కూర్చుంటే అందరికీ అదే కనిపిస్తుంది.”

“నాది సగమే అయింది!” అరిచింది అలైదా.

“నువ్వు కాస్త ఆగు. నిన్నెవరు చూస్తారు? అందరూ నీ గిన్నె చూస్తారు.”

ఇద్దరి తలలూ అయ్యేసరికి ఎండ కట్ట మీదికి వాలింది. యొరీన్ కత్తెరలు సంచీలో సర్దుకుని పెరట్లోకి వచ్చింది. సైకిల్ ఎక్కబోతుంటే అలైదా గిన్నె దించే గుడ్డ చేతిలోనే పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

“అమ్మాయ్, పోయే దారేగా, హెర్మీన్ దగ్గర ఒక్క నిమిషం ఆగు. తమ్ముడు వస్తున్నాడని చెప్పు. ఆ చిన్న గిన్నె బల్ల మీద పెట్టొద్దను. జెండా అసలే వద్దను. మెల్లిగా చెప్పు సుమా, మంచి మనసుతోనే పెట్టింది.” ఒక అడుగు వెనక్కి వేసి, మళ్లీ హ్యాండిల్ పట్టుకుంది. “ఆఁ, ఇంకోటి. స్టవ్ ఇంక తిరిగి రాదని కూడా చెప్పు. ఆ చిన్న గిన్నె ఖాళీగానే ఉంటుందిగా, బోర్లించి జెరేనియం కింద పెట్టుకోమను.”