ఆమె కట్టిన ఆట

మాస్టారు పోయిన ఏడాదికి, ఆయన మీద సినిమా తీస్తానంటూ ఒక దర్శకుడు జనగామలో నా టైలర్ దుకాణానికి వచ్చాడు. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఎప్పుడు బంద్ పడుతుందో తెలియక షట్టర్ సగం దించుకునే మిషన్ తొక్కేవాణ్ని. అతను వంగి లోపలికి వచ్చి నన్ను లేచి నిలబడమన్నాడు. అటు తిరగమన్నాడు, ఇటు నడవమన్నాడు.

"అచ్చం మాస్టారే అన్నా. గా భుజాలు, గా మెడ. నువ్వే చెయ్యాలె," అన్నాడు.

మాస్టారిది కొడకండ్ల దగ్గర పల్లె. ఉద్యమ సభల్లో పాటలకు ఆట కట్టించిన మనిషి. పాటలు రాసేవాళ్లు, పాడేవాళ్లు ఊరూరా ఉండేవారు. ఆ పాటకు ఇరవై మంది ఒక్క తీరుగా ఎలా కదలాలో చెప్పగలిగింది మా వైపు ఆయనొక్కడే అనుకునేవాళ్లం. కామెర్లు ముదిరి, యాభై నిండకుండానే దవాఖానలో కన్నుమూశాడు. నేను ఆయన్ని రెండు సభల్లో దూరం నుంచి చూశాను, అంతే.

నాటకాలు నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. సినిమాలో మాత్రం అప్పటికి ఒక్కసారే కనిపించాను, హీరో ఇంటికి పాలు పోసేవాడి వేషంలో. నేను నోరు తెరిస్తే జనం నవ్వాలి, అదే నా పని. ఇంట్లో మాట్లాడే తెలంగాణ మాటే నాతో మాట్లాడించి నవ్వించారు. అది చూసి మా అమ్మీ, "నిన్ను చూసి ఎందుకు నవ్విండ్రు బేటా?" అని అడిగింది. ఇప్పుడు మా ఇంటి మాటే కథానాయకుడి నోట పలుకుతుందంటే, ఆ నోరు నాదే అవుతుందంటే, నేను ఇంకేమీ అడగకుండా ఒప్పుకున్నాను. తర్వాత నేను నోరు మూసుకున్నది కూడా చాలావరకు అందుకే.

"మహబూబాబాద్‌ల ఒకామె ఉన్నది. మాస్టారు బృందంల ఆడేది. అడుగులు ఆమె నేర్పుతది," అన్నాడు దర్శకుడు.

ప్రతి ఆదివారం ప్యాసింజర్ ఎక్కి వెళ్లేవాణ్ని. ఆమె ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. ముప్పై అయిదేళ్లుంటాయి. సొంతూరు గూడూరు అవతల, అడవి అంచున ఒక తండా. మధ్యాహ్నం పిల్లల భోజనాలయ్యాక, గిన్నెలు కడిగి బోర్లించి, హాస్టల్ వెనక గచ్చు మీద నాకు నేర్పేది. మొదటి రోజే తిట్టింది.

"గా చెయ్యేందన్నా, పోలీసోడు లారీ ఆపినట్టు! జర వదులు చెయ్యి."

మూడో ఆదివారమో నాలుగో ఆదివారమో, చెమట తుడుచుకుంటూ అడిగాను. "మాస్టారు గూడ గిట్లనే చేసి చూపెట్టెటోడా చెల్లె?"

"మాస్టారుకు ఆడరాదు," అంది.

పరాచికం అనుకున్నాను. ఆమె ముఖంలో నవ్వు లేదు.

"నిజమన్నా. ఆయనకు కండ్లుండె. నేను ఆడుతుంటే గోడకు కూసొని, 'గది మల్ల చెయ్యి, గిది తీసెయ్యి, గీడ పది మందిని పెడుదాం' అనెటోడు. అడుగు నాది. జనాన్ని నిలబెట్టుడు ఆయనది. ఇద్దరం కలిసి కట్టినం."

"మరి సభల్ల ఎన్నడు చెప్పలె?"

"మైకు ఆయన చేతిల ఉండె. 'మా బృందం' అనెటోడు. నా పేరు తీస్తే జనం ఇంకో మాట అంటరని బుగులు. ఆయనకు పెండ్లాం పిల్లలు. నన్ను మొగడు ఇడిచిపెట్టిండు. గట్లాంటి ఆడిదాని పేరు మైకుల చెప్తరా?"

ఆయన ఆటల్లో అన్నిటికంటే పేరు పడ్డది అమరుల పాటకు కట్టింది. ఆడవాళ్లు వరుసగా ముందుకొచ్చి ఒక్కసారిగా మోకాళ్ల మీద కూలుతారు. అరచేయి నేలకు ఆనించి, దాని చుట్టూ పూర్తిగా ఒకసారి తిరిగి, ఆ చేతిమీద బరువు వేయకుండా లేస్తారు. ఆ చోటికి వచ్చేసరికి సభలో మగవాళ్లు కూడా కండువాలతో కళ్లు ఒత్తుకునేవారు. అది నాకు నేర్పబోయే రోజు ఆమె ముందుగా కూర్చుని సంగతి చెప్పింది.

ఆమె తమ్ముడు డిగ్రీ చదువుతూ, ఉద్యమంలో ప్రాణం తీసుకున్నాడు.

"ట్రాలీ ఆటోల తెచ్చిండ్రు. దించిన కాడ మా యాడి కూలబడ్డది." యాడి అంటే వాళ్ల మాటలో అమ్మ. "వాని తలకాయ పక్కన నేల మీద చెయ్యి పెట్టింది. ఎవరు గుంజినా తియ్యలె. చెయ్యి గాడనే ఉంచి దాని చుట్టు తిరిగింది. పది దినాలకు మాస్టారు పలకరియ్యొచ్చిండు. మాటతోని చెప్పరాక, చేసి చూపిచ్చిన. ఆయన గోడ దిక్కు తిరిగి నిలబడ్డడు. నెల పోయినంక, 'ఇది కడుదామా? నువ్వు వద్దంటే వద్దు' అన్నడు. యాడిని అడిగి సరే అన్న."

ఆ వారంలోనే దర్శకుడు కథ కాగితాలు పంపాడు. అందులో, మాస్టారు చిన్నతనంలో తండ్రి చనిపోయినప్పుడు తన తల్లి ఏడ్చిన తీరు గుర్తుకొచ్చి, ఒంటరిగా కూర్చుని ఆ ఆట కడతాడు. ఆమె కూడా ఉంది. పేరు లేదు. 'తండా యువతి, మాస్టారుకు మంచినీళ్లు అందిస్తుంది' అని ఉంది.

నేను పోయి దర్శకుడికి అంతా చెప్పాను. అతను చివరిదాకా విని, "నాకెరుకే అన్నా," అన్నాడు. "బృందపోళ్లు చెప్పిండ్రు. ఇద్దరిని పెడితే అది ఆడ మొగ కథ అయితది. మాస్టారు ఇంటోళ్లు ఒప్పుకోరు. వాళ్లు సంతకం పెట్టినంకనే సినిమా షురూ చేసిన. ఇప్పుడు గిది కదిలిస్తే ఆగిపోతది. మన మాటల, మన మనిషి మీద తీస్తున్న సినిమా. ఆగాల్నా? నువ్వే చెప్పు."

"ఆగొద్దు," అన్నాను.

మరుసటి ఆదివారం మామూలుగానే మహబూబాబాద్ వెళ్లాను. ఆమెకు ఏమీ చెప్పలేదు. అడుగులు నేర్చుకుని వచ్చాను.

షూటింగ్ జనగామ దగ్గర ఒక ఊళ్లో జరిగింది. ముందు రెండు వరుసల్లో హైదరాబాద్ నుంచి తెచ్చిన అమ్మాయిలు నిలబడ్డారు. ఆమెను మూడో వరుసలో నిలబెట్టారు. తర్వాత తల్లి ఏడ్చే దృశ్యం మొదలైంది. ఆ వేషం వేసిన పెద్దావిడకు ఎంత చేసినా అది రావడం లేదు. చేయి నేలకు ఆనించగానే దానిమీదే ఒరిగిపోతోంది. దర్శకుడు మూడో వరుస వైపు చూసి, "అక్కా, జర పెద్దమ్మకు చూపియ్యవా," అని పిలిచాడు.

"ఈమెది ఎవరి వేషం?" అని అడిగింది ఆమె.

"మాస్టారు వాళ్లమ్మ," అని ఎవరో చెప్పారు.

ఆమె తల తిప్పి నావైపు చూసింది. నేను కండువా సర్దుకున్నాను.

ఆమె వరుసలోంచి బయటికి వచ్చి, చెప్పులు విడిచింది. మోకాళ్ల మీద కూలి, నేల మీద చేయి పెట్టి, దాని చుట్టూ తిరిగింది. లేచి, పెద్దావిడ మణికట్టు పట్టుకుని మెల్లగా చెప్పింది. "బరువెయ్యకు పెద్దమ్మా. బరువెయ్యాలంటే తెలివి, సోయి ఉండాలె. గప్పుడు మనిషికి సోయుండది." మూడుసార్లు చూపించింది. పెద్దావిడకు వచ్చింది. ఆమె వెళ్లి మళ్లీ మూడో వరుసలో నిలబడింది. కెమెరా తిరిగింది.

పని ముగిశాక బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉంటే దగ్గరికి వెళ్లాను. "ఎందుకు చూపిచ్చినవ్ చెల్లె? చూపియ్య పొమ్మంటే అయిపోతుండె గదా."

"తప్పు చేస్తుంటే చూడలేకపోయిన. మా తమ్మునిది అది," అంది. "నీకు ముందుగాలనే ఎరుకనా అన్నా?" అని అడిగింది.

"ఎరుకే."

బస్సు రాగానే ఎక్కి, అటువైపు కిటికీ దగ్గర కూర్చుంది.

సినిమాను మొదట భూపాలపల్లిలో, గని కార్మికుల కాలనీ దగ్గర ఫంక్షన్ హాల్లో తెర కట్టి చూపించారు. జనం ఏడ్చారు. చప్పట్లు కొట్టారు. నా మెడలో దండ వేసి మాట్లాడమన్నారు. మాస్టారు గొప్పతనం గురించి పది నిమిషాలు మాట్లాడాను. వెనక ఆడవాళ్ల మధ్య ఆమె కూర్చుని ఉంది. చెబుదామని రెండుసార్లు అనుకున్నాను. దిగి వచ్చేసరికి ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. తెరమీద చివరి పేర్లలో వాహనాలు ఇచ్చినవాళ్ల పక్కన ఆమె పేరూ వచ్చిందట. నేను చూడలేదు.

ఆ తర్వాత జరిగింది నాకు భూపాలపల్లిలో ఒక టీచరమ్మ చెప్పింది. ఏదో సభ కోసం బడి ఆడపిల్లలకు అమరుల ఆట నేర్పమని ఆమెను పిలిపించారు. ఆమె చేయి ఆనించి తిరిగి చూపిస్తే పిల్లలు ఒప్పుకోలేదు. "సినిమాల మాస్టారు తిరగలె గదా అక్కా. మీరు మర్చిపోయినట్టున్నరు," అన్నారట. సినిమాలో తల్లి తిరుగుతుంది గాని, మాస్టారు ఆట కట్టేచోట నేను తిరగని మాట నిజమే. నా మోకాలు సహకరించక, కూలబడి ఊరికే లేచాను. దర్శకుడు అదే ఉంచేశాడు.

"అవును బిడ్డా, మర్చిపోయిన," అని ఆమె సంచి తీసుకుని బస్టాండుకు వెళ్లిపోయిందట. మళ్లీ ఎవరికీ నేర్పలేదు.

అది విన్నాక ఉండబట్టలేక గూడూరు బస్సెక్కి తండాకు వెళ్లాను. సెలవులకు ఇంట్లోనే ఉంది. వాకిట్లో తల్లీకూతుళ్లు మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. నేను చెప్పాలనుకున్నదంతా చెప్పాను. తప్పయింది, మాఫ్ చెయ్యమన్నాను. ఆమె పని ఆపకుండానే విన్నది.

"నువ్వు గాకుంటే ఇంకొకడు చేసెటోడు. కానీ నువ్వొచ్చి నేర్చుకున్నవు గదా అన్నా, నా దగ్గర కూసొని. గందుకే బాధయింది."

అప్పుడు ముసలామె నావైపు చూసి వాళ్ల భాషలో ఏదో అడిగింది. కూతురు పొట్టిగా జవాబిచ్చింది. ఏమడిగిందని అన్నాను.

"'సినిమాల నా కొడుకు ఉన్నడా?' అంటంది. లేడని చెప్పిన."

రాష్ట్రం వచ్చింది. వచ్చాక ఒక విలేకరి మాస్టారి గురించి రాస్తానని నా దుకాణానికి వచ్చాడు. ఈసారి నేను దాచలేదు. ఆట ఎవరు కట్టారో, ఆ ఏడుపు ఎవరిదో పూసగుచ్చినట్టు చెప్పాను. అతను రాసుకున్నాడు. పేపర్లో దండతో నా ఫోటో పడింది. ఆమె గురించి ఒక్క వాక్యం ఉంది, 'బృందంలో తండా మహిళలు కూడా ఆడేవారు' అని.

ఇది రాసేముందు ఆమెకు ఫోన్ చేసి అడిగాను. ఇప్పటికీ అదే హాస్టల్లో వంట చేస్తోంది. వెనక పిల్లల గోల వినిపిస్తోంది. నేను మొత్తం చెప్పేదాకా ఆగి, అంది:

"రాయి. పేరు మాత్రం రాయకు. హాస్టల్ల అందరు అడుగుతరు. మల్ల మొదటికెల్లి చెప్పేటందుకు నాకు ఓపిక లేదు."

ఆమె పేరు రాయలేదు. ఆమెది లేనిచోట మాస్టారిదీ నాదీ రాయడానికి మనసొప్పలేదు.