గడ్డకట్టిందంటే ఏడ్చిన అత్త

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పూర్తిచేసి, భద్రాచలం వైపు అడవి అంచున ఓ చిన్న దవాఖానాలో చేరిన ఆ రోజుల్లో రక్తం గురించి నాకు తెలియనిది లేదనే నమ్మకం ఉండేది. గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలన్నీ నంబర్లతో సహా అప్పజెప్పేదాన్ని. (వాటిలో ఆరో నంబరు ఎందుకు లేదో మాత్రం ఇప్పటికీ గుర్తుండదు.) ఆ నమ్మకం నాలుగు రోజులే నిలిచింది.

నాలుగో రోజు పొద్దున, బీడీలు చుట్టే తునికాకు కోస్తుంటే పాము కరిచిందని ఒక కోడలిని ఆమె అత్త ఆటోలో తీసుకొచ్చింది. ఏ పామో ఎవరూ చూడలేదు. డాక్టరమ్మ నాతో రక్తం తీయించి, కొత్త గాజు గొట్టంలో పోయించింది. "ఇరవై నిమిషాలు కదపకు. విషం ఎక్కితే రక్తం గడ్డకట్టదు. అప్పుడు మందు ఎక్కించి ఖమ్మం పంపాలె" అని చెప్పి వార్డులోకి వెళ్లింది.

ఐదు నిమిషాలకే ఉండబట్టలేక గొట్టం వంచాను. రక్తం నీళ్లలా జారింది. విషం ఎక్కిందనుకుని, "గడ్డకట్టలేదు" అన్నాను. అత్త ముఖం వెలిగిపోయింది. "సల్లటి మాట చెప్పినవ్ బిడ్డా" అంటూ నా చేతులు పట్టుకుంది. పోయినేడు పాల్వంచలో ఆమె భర్త గుండెలో రక్తం గడ్డకట్టే పోయాడట. ఆ అయోమయంలో నేను కూడా ఆమెతోపాటు నవ్వాను.

డాక్టరమ్మ వచ్చి గడియారం చూసి, నన్ను చూసి, "కదిపినవా?" అంది. తలూపాను. మళ్లీ రక్తం తీయాల్సి వచ్చింది. ఈసారి చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఇరవై నిమిషాలకు వంచితే రక్తం ముద్దలా నిలబడింది. సంతోషం పట్టలేక "గడ్డకట్టింది" అని కేకేశాను. అత్త ఉన్నచోటే కూలబడి ఏడుపు అందుకుంది. అది చూసి మంచం మీది కోడలూ మొదలుపెట్టింది.

"కడితే మంచిదా, కట్టకపోతే మంచిదా? ఒక్క మాట చెప్పు బిడ్డా" అని అత్త నిలదీసింది.

"రెండూ" అన్నాను, చదివిందంతా మరిచిపోయి.

డాక్టరమ్మ ఆమె పక్కన కూర్చుంది. "అవ్వా, ముల్లు గుచ్చుకుంటే నెత్తురు ఎట్ల ఆగుతది? గడ్డకట్టే కదా. గాయం కాడ కడితే మేలు, గుండె నరంల కడితే కీడు. ఇప్పుడు కట్టింది ఈ గొట్టంల. అంటే నీ కోడలి నెత్తురు మంచిగనే ఉంది."

మర్నాటిదాకా ఉంచుకుని ఆ పరీక్ష మళ్లీ మళ్లీ చేశాం. ప్రతిసారీ కట్టింది. కోడలు తనే నడిచి ఆటో ఎక్కింది. అత్త నా తల నిమిరి, "సదువు బాగనే ఉంది బిడ్డా, జర నిమ్మళంగ ఉండు" అని వెళ్లిపోయింది.

ఇన్నేళ్లకు అంతో ఇంతో నిమ్మళం వచ్చింది. అప్పటి నన్ను, ఆ కంగారు పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది. పక్కన కూర్చోబెట్టుకుని ఓ కప్పు టీ తాగించాలనీ అనిపిస్తుంది.