ఆవిడకు చేరని మా మాట

కిందటి చలికాలంలో మావారూ నేనూ నెవాడా ఎడారిలో మట్టిదారుల మీద తిరగడానికి వెళ్లాం. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి, దూరాన ఉన్నవాళ్లతో గాలిలోనే మాట్లాడుకునే హామ్ రేడియో, చేతిలో పట్టేంతది, మావారు తెచ్చారు; దాన్ని వాడే లైసెన్సు ఆయనకుంది. మధ్యాహ్నం అందులో ఒక అమెరికన్ ఆవిడ ఏడుపు వినిపించింది.

"మా బండి బోల్తాపడింది. మా ఆయన కదలడం లేదు. ఎవరైనా ఉన్నారా?"

మావారు వెంటనే బదులిచ్చారు. ఆవిడ మళ్లీ అదే అడిగింది.

"ఆవిడ వాయిస్ మనకొస్తోంది. మన రేడియోకి పవర్ చాలక మనది రీచ్ కావట్లేదు" అన్నారాయన.

"ఆ గుట్టెక్కి ట్రై చేద్దామండీ!" అన్నాను.

ఎక్కినా లాభం లేకపోయింది. వెళ్దామంటే, తానెక్కడున్నదీ తెలియడం లేదని ఆవిడే అంటోంది. భర్తను పేరుపెట్టి పిలుస్తూనే ఉంది. "ఉన్నామమ్మా, వింటున్నాం!" అని నేను తెలుగులోనే అరిచేశాను. రేడియో కట్టేయడానికి మనసొప్పక, ఏమీ చేయలేక కూలబడి ఏడ్చాను.

చాలాసేపటికి రేడియోలో ఎవరో పెద్దాయన ఆవిడకు జవాబిచ్చారు. ఆవిడ చెప్పిన కొండల గుర్తులను బట్టి చోటు పోల్చుకుని, హెలికాప్టర్ బయల్దేరిందన్నారు.

"ఇంతసేపూ ఎవరూ లేరనుకున్నాను" అంది ఆవిడ.

ఆ దంపతుల కోసం ఇప్పటికీ చర్చిలో ప్రార్థిస్తుంటాను. తన ప్రతి మాటా విన్నవాళ్లు ఇద్దరు ఆ ఎడారిలో ఉన్నారని మాత్రం ఆవిడకు ఎప్పటికీ తెలియదు.